నాసిక్‌లో ఆరు నెలలు ఉండాలంటే: కత్తిరింపు నాటికి రండి, కోత అయ్యాక వెళ్లండి

మీరు కాకినాడలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. ఏడాదిపాటు ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని కంపెనీ అనుమతి ఇచ్చింది. నెలకు చేతికి 60,000 వస్తుంది. ద్రాక్షతోటలు, వైన్ తయారీ ఉన్న ఊళ్లో ఆరు నెలలు డిజిటల్ నోమాడ్‌గా, అంటే ల్యాప్‌టాప్‌తో పని చేసుకుంటూ వేరే ఊళ్లో మకాం పెట్టే మనిషిగా, బతకాలని మీ కోరిక. జార్జియా, పోర్చుగల్ లెక్కలు వేసి చూసుకుని వెనక్కి తగ్గి, ఇప్పుడు మహారాష్ట్రలోని నాసిక్ వైపు చూస్తున్నారు. తోట మధ్యలో చిన్న ఇల్లు దొరుకుతుందా, నెట్ ఎలా ఉంటుంది, నెలకు ఎంతవుతుంది, ఏ నెలలో రావాలి, ఒంటరిగా అనిపించదా అని అడిగారు.

నాది రాజమహేంద్రవరం. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, వాటి సరుకును ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసిపెట్టడం నా వృత్తి. మూడు నెలలు ఉందామని నాసిక్ వచ్చాను, నాలుగేళ్లయింది. నా అనుభవంలో నుంచి సూటిగా చెప్తాను. నాసిక్ రండి. తోట మధ్యలో ఇల్లు మాత్రం తీసుకోకండి. సెప్టెంబరు చివర్లో రండి, మార్చి చివరిదాకా ఉండండి. మిగిలినదంతా ఈ రెండు మాటలకు వివరణే.

ముందు నెలల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. అంతర్జాలంలో ఫొటోలు చూసి ద్రాక్షతోట అంటే ఏడాది పొడుగునా గుత్తులు వేలాడుతుంటాయని అనుకుంటారు. నాసిక్‌లో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసేది కొమ్మల కోసం. దాన్ని ఇక్కడి రైతులు ఖరడ్ ఛాట్ణీ అంటారు. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేసేది పండు కోసం. దాని పేరు గోడీ ఛాట్ణీ, అంటే తీపి కత్తిరింపు. రెండు కత్తిరింపులున్నా పంట ఒక్కటే. గోడీ ఛాట్ణీ చేసిన రోజు నుంచి తినే ద్రాక్షకు సుమారు 120 నుంచి 140 రోజులు లెక్క. వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. అందువల్ల మీరు మే నెలలో వస్తే ఎండలో ఆకులూ, జూలైలో వస్తే వానలో బురదా చూస్తారు. అక్టోబరులో వస్తే మాత్రం ఒక పంట మొత్తం మీ కళ్ల ముందు జరుగుతుంది.

నేను మొదటిసారి గోడీ ఛాట్ణీ చూసినప్పుడు తోట చచ్చిపోయిందేమో అనుకున్నాను. పందిరి మీద ఒక్క ఆకు లేదు, గోధుమరంగు కర్రలే మిగిలాయి. ఆడవాళ్లు వరుసగా నిలబడి, చేతికి తొడుగులు వేసుకుని, ఒక్కొక్క కణుపుకూ గుడ్డతో మందు పూస్తున్నారు. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చడానికట అది. రెండు వారాలు తిరిగేసరికి ఆ కర్రల నిండా లేతాకుపచ్చ మొలకలు లేచాయి. డిసెంబరులో గుత్తులు పలచన చేస్తారు, చిన్న కత్తెరతో కాయ కాయ చూసుకుంటూ. జనవరిలో రంగు మారకుండా గుత్తులకు కాగితం చుట్టే తోటలు కనిపిస్తాయి. ఇదంతా పని దినాల్లోనే, ఉదయం పూట జరుగుతుంది. శనివారం వచ్చి ఆదివారం వెళ్లిపోయేవారికి ఇందులో ఏదీ కనబడదు. మీకు ఆరు నెలలు చేతిలో ఉన్నాయి, ఆ భాగ్యాన్ని ఇలా వాడుకోండి.

చలి గురించి ఒక హెచ్చరిక. ఊరు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. కోస్తాలో పెరిగిన మనకు డిసెంబరు, జనవరి రాత్రులు గట్టిగానే ఉంటాయి. నిఫాడ్ వైపు మరీ ఎక్కువ. కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడి రైతులు కాయ పగలకుండా తోటలో వరుసల మధ్య మంటలు వేస్తారు. మీ పని రాత్రివేళ అయితే మందపాటి కంబళి, ఉన్ని మేజోళ్లు ఇక్కడే కొనుక్కోండి.

ఇక ఇల్లు. తోట మధ్యలో ఇల్లు వద్దని ఎందుకంటున్నానో నా కథ చెప్తే అర్థమవుతుంది. నేను వచ్చిన కొత్తలో గంగాపూర్ ఆనకట్ట దాటాక, ద్రాక్షతోటను ఆనుకుని ఉన్న రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. కిటికీ తెరిస్తే పందిళ్లు, వాటి వెనక కొండలు. మొదటి వారం నాకంటే అదృష్టవంతులు లేరనిపించింది. రెండో నెలలో గాలివానకు నెట్ తీగ తెగింది. బాగుచేసేవాళ్లు మూడో రోజు వచ్చారు. ఆ మూడు రోజులూ ఫోను సిగ్నల్ కోసం రోడ్డు మీద మర్రిచెట్టు కింద స్కూటరు ఆపుకుని, దాని సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేశాను. గడువు తప్పింది, ఆ పని మళ్లీ నాకు రాలేదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తినే ద్రాక్షకు బూజు తెగులు భయం ఎక్కువ. ఒక జల్లు పడిందంటే, మంచు ఎక్కువగా కురిసిందంటే, ట్రాక్టరు వెనక పెద్ద ఫ్యాన్‌లాంటి బ్లోయర్ కట్టి మందు కొడతారు. తెల్లవారుజామున కొడతారు, ఒక్కోసారి రాత్రి కూడా కొడతారు. తెల్లటి పొగమంచులా లేచి గాలి ఎటుంటే అటు వస్తుంది. కిటికీలు బిగించినా వాసన ఆగదు. నాకు దగ్గు పట్టుకుని నెల రోజులు వదల్లేదు. రైతును తప్పుపట్టలేం, ఏడాది పెట్టుబడి ఆ గుత్తుల్లో ఉంటుంది. అక్కడ కాపురం పెట్టడం నాదే పొరపాటు. మీకు ఉబ్బసం ఉన్నా, ఇంట్లో పిల్లలున్నా తోట పక్క ఇంటి ఊసే ఎత్తకండి. ఎంత ఆశగా ఉన్నా, జనవరిలో ఒక రెండు రాత్రులు అక్కడి బసల్లో ఉండి రండి, సరిపోతుంది.

ఇల్లు ఊళ్లోనే చూసుకోండి. కాలేజ్ రోడ్, గంగాపూర్ రోడ్ మొదటి భాగం, మహాత్మా నగర్ కాస్త ఖరీదు. ఇందిరా నగర్, గోవింద్ నగర్, పాథర్డీ ఫాటా వైపు తగ్గుతుంది. నేను ఇందిరా నగర్‌లో రెండు పడకగదుల ఇంటికి 14,000 అద్దె, నిర్వహణ రుసుము 1,200 కడుతున్నాను. మీరొక్కరే అయితే ఒక పడకగది ఇల్లు ఇంకా తక్కువకే వస్తుంది. పెళ్లికాని ఒంటరి వ్యక్తికి ఇవ్వని భవనాలు, మాంసాహారం వండకూడదనే భవనాలు ఉన్నాయి. బయానా ఇవ్వక ముందే ఈ రెండూ నోరు తెరిచి అడగండి. చేపలకూర లేనిదే ముద్ద దిగదంటే ఆ మాట మొదటి రోజే చెప్పేయడం నయం.

మహారాష్ట్రలో అద్దె ఒప్పందాన్ని లీవ్ అండ్ లైసెన్స్ అంటారు. సాధారణంగా 11 నెలలకు రాస్తారు. మన దగ్గర 11 నెలల కాగితం స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టుకుంటే అయిపోతుంది. ఇక్కడ అలా కాదు, 11 నెలలైనా రిజిస్టర్ చేయించడం తప్పనిసరి, ఆ బాధ్యత చట్టప్రకారం యజమానిది. వేలిముద్రలు తీసుకునే మనిషి యంత్రంతో ఇంటికే వస్తాడు, గంటలో పని పూర్తవుతుంది. పోలీసులకు అద్దెదారు వివరాలు ఇవ్వడం కూడా యజమాని చేత చేయించండి. ఒప్పందంలో కనీసం ఎన్ని నెలలు ఉండి తీరాలో ఒక షరతు ఉంటుంది. మీకు ఆరు నెలలే కావాలి కాబట్టి ఆ చోట ఆరు దాటకుండా రాయించుకోండి. లేదంటే మధ్యలో ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు వెనక్కి రాకపోవచ్చు. రిజిస్టరైన ఆ కాగితం ఉంటే గ్యాసుకూ నెట్‌కూ చిరునామా రుజువుగా అదే పనికొస్తుంది.

నెట్ విషయంలో ఊళ్లో భయం లేదు. ఫైబర్ దాదాపు ప్రతి భవనానికీ ఉంది. అయినా నేను రెండు పద్ధతులు పాటిస్తాను. ఒకటి, ఇంటి కనెక్షన్ ఒక కంపెనీది, ఫోను ఇంకో కంపెనీది ఉండాలి. రెండు, రూటరుకు విడిగా చిన్న బ్యాటరీ పెట్టాలి. మరమ్మతుల పేరుతో కరెంటు ఉదయం పూట కొన్ని గంటలు పోయే రోజులుంటాయి. మే, జూన్ నెలల్లో గాలిదుమారాలప్పుడు మరీ. రూటరు బతికి ఉంటే ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడిపించేయవచ్చు. ముఖ్యమైన మీటింగులకు కాలేజ్ రోడ్ ప్రాంతంలో రోజువారీ అద్దెకు కూర్చునే కార్యాలయాలున్నాయి. త్రయంబక్, ఇగత్‌పురీ కొండల్లో మాత్రం సిగ్నల్‌ను నమ్మకండి. అటు వెళ్లే రోజు సెలవు పెట్టుకునే వెళ్లండి.

ఖర్చు. నాకు అద్దె, నిర్వహణ కలిపి 15,200. కరెంటు చలికాలంలో 700 దాటదు, ఫ్యాన్లు తిరిగే ఏప్రిల్‌లో రెట్టింపవుతుంది. నెట్, ఫోను 1,100. వంట నేనే చేసుకుంటాను, సరుకులూ కూరగాయలూ పాలూ 7,000. ఇల్లు ఊడ్చి తుడిచే ఆవిడకు 1,800. స్కూటరు పెట్రోలు 1,500. బయట తిండి, తిరుగుళ్లు, మందులు, అన్నీ కలిపి ఇంకో 6,000. 33,000 దగ్గర ఆగుతుంది. మీరు మిగుల్చుకునే సొమ్ముతో జార్జియాకు సెలవుల్లో వెళ్లి రావచ్చు. వీసా గడువులు, విదేశీ పన్నులు, డాలరు రేటు అనే మూడు తలనొప్పులూ లేవు. సొంత దేశంలో ఉంటూ కొత్త భాష, కొత్త తిండి, కొత్త పంట చూడగలగడం నాకు పెద్ద లాభంగా కనిపిస్తుంది. దాన్ని రెండో తరగతి ఎంపికలా చూడకండి.

కూరగాయలు చవక కావడానికి కారణం ఉంది. ఈ జిల్లా ముంబయికి కూరగాయలు పంపే జిల్లా. ఉల్లికి పేరుపొందిన లాసల్‌గావ్ మార్కెట్ ఇక్కడిదే. ఆకుకూరలు కట్టల లెక్కన వేలం పాడతారు, కట్టను జుడీ అంటారు. సాయంత్రం పంచవటి వైపు సంతకు వెళితే మెంతికూర, కొత్తిమీర ఇంకా నీళ్లు ఓడుతూ ఉంటాయి. మీరు తప్పకుండా తెలుసుకోవలసిన మాట ఒకటి చెప్తాను: గోంగూరను మరాఠీలో అంబాడీ అంటారు. నేను మొదటి ఐదు నెలలూ గోంగూర దొరకదనుకుని ఇంటి నుంచి పచ్చడి తెప్పించుకున్నాను. ఒకరోజు సంతలో ఎర్ర కాడల కట్ట పట్టుకుని ఒక ముసలమ్మ అంబాడీ, అంబాడీ అని అరుస్తోంది. ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, పులుపు వల్ల మాత్రమే కాదు. ఆవిడ నవ్వి ఇంకో జుడీ ఊరికే వేసింది. మునక్కాడను ‘శేవ్‌గా’ అనీ, కరివేపాకును ‘కడీపత్తా’ అనీ అంటారు. సన్నబియ్యం దొరుకుతాయి కానీ, ఇక్కడ కొండ ప్రాంతాల్లో పండే ఇంద్రాయణీ బియ్యం ఒకసారి వండి చూడండి. కాస్త జిగురుగా, మంచి వాసనతో ఉంటుంది. పప్పుచారుకు కుదరదు, పెరుగన్నానికి అమోఘం.

ఉదయం పూట మిసళ్ తినాలి. మొలకెత్తిన గింజల మీద నల్లమసాలా రస్సా పోసి, పైన సేవ్, ఉల్లి, పక్కన పావ్, పెరుగు, అప్పడం పెడతారు. ఊరి బయట పొలాల మధ్య చెట్ల కింద పెట్టిన మిసళ్ హోటళ్లకు ఆదివారం కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. కారం మన గుంటూరు కారం లాంటిది కాదు, వేయించిన మసాలాల ఘాటు. చలికాలంలో సజ్జరొట్టె, ‘పిఠ్‌లా’ అనే శనగపిండి కూర, ‘ఠేచా’ అనే పచ్చిమిర్చి పచ్చడి పెట్టే చిన్న భోజనశాలలను వదలకండి.

మీరు అసలు అడిగిన వైన్ సంగతికి వస్తాను. ఈ ప్రాంతం పేరుకు తగ్గ చరిత్ర చాలా కొత్తది. తినే ద్రాక్ష ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం మాని తిరిగి వచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర్లో గంగాపూర్ దగ్గర కుటుంబ భూమిలో సొవిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్లవైన్ ద్రాక్ష తీగలు నాటించి సూలా వైనరీ మొదలుపెట్టారు. మొదటి సీసాలు 2000లో వచ్చాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష నుంచి వైన్ తయారీకి ప్రత్యేక విధానం తెచ్చింది. తర్వాత వైనరీలు వరుసగా వచ్చాయి. గంగాపూర్ వైపు సూలా, యార్క్, సోమా ఉన్నాయి. దిండోరీలో ఫ్రెంచి కంపెనీ షాందోన్ ఉంది. ఇగత్‌పురీ దారిలో గ్రోవర్ జంపా, వలోనే ఉన్నాయి. నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఎంత ఉండేవో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ నేలలు చాలావరకు ప్లాట్లయిపోయాయి. ఇక్కడ గంగాపూర్ రోడ్ పొడవునా ప్లాట్ల బోర్డులు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చి దిగులేస్తుంది.

వైనరీకి శని, ఆదివారాలు వెళ్లకండి. ముంబయి సుమారు 170 కిలోమీటర్లు, పుణె సుమారు 210. వారాంతం వచ్చిందంటే ఆ రెండు ఊళ్ల కార్లూ ఇక్కడే ఉంటాయి. బస ధరలు పెరుగుతాయి, రుచి చూపించే అమ్మాయికి మీ ప్రశ్నకు జవాబిచ్చే తీరిక ఉండదు. మంగళవారం మధ్యాహ్నం వెళ్లండి. పర్యటనలో ముందు ట్యాంకుల గది చూపిస్తారు. తెల్లవైన్ చల్లని ట్యాంకుల్లో నెమ్మదిగా పులుస్తుంది. ఎర్రవైన్ తొక్కలతో కలిసి పులుస్తుంది, రంగు ఆ తొక్కల నుంచే వస్తుంది. రుచి చూసేటప్పుడు మొదట షెనిన్ బ్లాంక్ అడగండి. మన నాలుకకు సులువుగా పట్టే వైన్ అది, కొంచెం తీపి ఉంటుంది, కారపు తిండితో కుదురుతుంది. షిరాజ్ అనే ఎర్రవైన్ తర్వాత. యార్క్ మేడ మీద నుంచి గంగాపూర్ జలాశయం కనిపిస్తుంది, సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరుకోండి. తాగని వాళ్లకు కూడా ఇది వృథా ప్రయాణం కాదు. మా అమ్మ ముట్టలేదు, ద్రాక్షరసం తాగి, పీపాల గదిలో అరగంట తిరిగింది.

తాగిన తర్వాత మాత్రం స్కూటరు ముట్టుకోకండి. గంగాపూర్ రోడ్ చివర్లో వెలుతురు తక్కువ, మలుపులు ఎక్కువ. సాయంత్రం అటు నుంచి టాక్సీ దొరకడం కష్టం, వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణానికి మాట్లాడుకోండి. ఇంటికి వెళ్లేటప్పుడు నాలుగు సీసాలు సంచీలో వేసుకుపోదామనే ఆలోచన కూడా మానుకోండి. ప్రతి రాష్ట్రానికీ సొంత ఎక్సైజ్ నిబంధనలున్నాయి, బయటి సీసాలతో సరిహద్దులో పట్టుబడితే ఆనందమంతా ఆవిరవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది వైనరీలో దొరకలేదు, తోటలో దొరికింది. దిండోరీ దారిలో వైన్ ద్రాక్ష పండించే ఒక రైతు పరిచయమయ్యారు. ఒక ఫిబ్రవరి ఉదయం ఏడింటికి ఆయన తోటకు వెళ్లాను. కాయ చల్లగా ఉండగానే కోయాలి కాబట్టి మనుషులు అప్పటికే వరుసల్లో ఉన్నారు. ఆయన ఒక కాయ నలిపి, చూపుడువేలంత గొట్టం చివరి అద్దం మీద ఒక చుక్క రసం వేసి, తూర్పు వైపు పట్టి చూడమన్నారు. లోపల గుండ్రటి వెలుగు, పై సగం నీలం, కింది సగం తెలుపు. ఆ రెండూ కలిసే గీత 21 దగ్గర నిలబడింది. అది చక్కెర శాతమట. నిన్న ఇరవై ఉంది, ఈరోజు కోస్తున్నాను అన్నారు. తినే ద్రాక్షలా ఎకరానికి ఎంత వస్తే అంత తీయనివ్వరు, గుత్తులు తగ్గిస్తేనే రసం చిక్కబడుతుంది, ధర మాత్రం కంపెనీతో ముందే రాసుకున్నది అని చెప్పారు. ఆ కాయ నోట్లో వేసుకున్నాను. చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ, తీపి దంచేస్తుంది. బజారు ద్రాక్షతో పోలికే లేదు. వైనరీలో కొనే సీసా వెనక ఏముందో ఆ ఉదయం తెలిసింది. ఇలాంటి పరిచయం అడిగి తెచ్చుకునేది కాదు, మూడు నాలుగు నెలలు ఒకే చోట ఉండి, ఒకే బండి దగ్గర టీ తాగితే దానంతట అదే వస్తుంది. మీరు ఆరు నెలలు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

తెలుగువాళ్లకు నాసిక్‌లో మరో రెండు చుట్టరికాలున్నాయి. గోదావరి పుట్టేది ఇక్కడికి 30 కిలోమీటర్లలోపు ఉన్న త్రయంబకేశ్వర్ దగ్గర, బ్రహ్మగిరి మీద. మా అమ్మ వచ్చినప్పుడు నాసిక్‌లో గోదావరి ఒడ్డునున్న స్నానఘట్టం రామకుండానికి తీసుకెళ్లాను. ఒడ్డున నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. రాజమహేంద్రవరంలో అవతలి ఒడ్డు మసకగా కనిపించే నది ఇక్కడ రాయి విసిరితే దాటే వెడల్పు. చివరికి, పసిపిల్లలా ఉంది కదే అంది. ఆ పసిపిల్ల వానాకాలంలో ఉరుముతుంది. మనం భద్రాచలంలో 43 అడుగులు అనగానే మొదటి హెచ్చరిక అనుకుంటాం. ఇక్కడి జనం నది ఒడ్డున ఉన్న రెండు ముఖాల మారుతి విగ్రహాన్ని చూస్తారు, నడుము దాటిందా, మెడ దాటిందా అని చెప్పుకుంటారు.

రెండోది పాండవలేణీ గుహలు. ముంబయి రహదారి పక్కన కొండ మీద 24 బౌద్ధ గుహలున్నాయి. శాతవాహనుల గురించి చదువుకున్న ప్రతి ఒక్కరికీ గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం పేరు తెలుసు. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పతనాన్ని, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని ఆ తల్లి రాయించింది మూడో గుహలో. పరీక్ష కోసం బట్టీ పట్టిన వాక్యం గోడ మీద బ్రాహ్మీ అక్షరాల్లో కళ్లెదుట కనిపిస్తుంది. ఎండ ఎక్కకముందే మెట్లెక్కండి. పక్షులంటే ఇష్టమైతే డిసెంబరులో నాందూర్ మధ్యమేశ్వర్ వెళ్లండి. మహారాష్ట్రలో రామ్‌సర్ అనే అంతర్జాతీయ గుర్తింపు పొందిన మొదటి చిత్తడి నేల అది, గోదావరి మీదే ఉంది.

ఒంటరితనం గురించి దాచకుండా చెప్తాను. మొదటి నెల ఉంటుంది. ఇంటి నుంచి పని అంటే రోజంతా ఎవరితోనూ ఎదురుగా మాట్లాడకుండా గడిచిపోతుంది, ఊరు మారినా అది మారదు. హిందీతో పని జరిగిపోతుంది, కానీ మరాఠీలో పది మాటలు నేర్చుకుంటే మనుషుల ముఖం మారుతుంది. కూరల బండి దగ్గర మావశీ అనండి, ఆటో అతన్ని దాదా లేదా భావూ అనండి, పై అంతస్తు పెద్దాయన్ని కాకా అనండి. ధర అడగడానికి కితీ, తిన్నారా అనడానికి జేవ్‌లాత్ కా. సంక్రాంతికి నువ్వుల ఉండ చేతిలో పెట్టి తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా అంటారు, నువ్వులూ బెల్లమూ తీసుకుని తీయగా మాట్లాడండి అని. ఆ రోజు మీరు అరిసెలో, సున్నుండలో పట్టుకుని నాలుగు తలుపులు తట్టండి. నా వరకు ఆ ఒక్క సాయంత్రంతో భవనంలో అందరికీ పేరు తెలిసింది. ఆ తర్వాత జ్వరం వచ్చినప్పుడు ఎదురింటి పిన్ని, ఇక్కడి మాటలో కాకూ, రెండు రోజులు ఖిచిడీ పంపింది.

2027 సంగతి మరిచిపోకండి. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడే మనకు గోదావరి పుష్కరాలు, ఇక్కడ సింహస్థ కుంభమేళా. 2015లో రెండూ ఒకే ఏడాది వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. దానికోసం రోడ్లు తవ్వుతున్నారు, అద్దెలు కూడా కదులుతున్నాయి. చవకగా, ప్రశాంతంగా పని చేసుకోవడం మీ లక్ష్యమైతే మేళా నెలలను తప్పించి ఒప్పందం రాసుకోండి. మేళా చూడాలనుకుంటే దాన్ని విడిగా, సెలవు పెట్టి చూడండి.

ప్రయాణానికి, కాకినాడ నుంచి సికింద్రాబాద్ చేరుకుని దేవగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి. ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్), మన్మాడ్ మీదుగా వస్తుంది. తెల్లవారకముందే దిగాల్సి వస్తుంది కాబట్టి ఫోనులో అలారం పెట్టుకోండి. స్టేషన్ పేరు నాసిక్ రోడ్, ఊరి నడిబొడ్డు అక్కడికి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. సామాను ఎక్కువైతే వెలుతురు వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీదే కూర్చుని, టీ తాగి, అప్పుడు ఆటో మాట్లాడుకోండి. మొదటి పది రోజులకు లాడ్జి గది చాలు. ఇళ్లు సాయంత్రం ఏడు తర్వాత చూడండి. ఫోను సిగ్నలూ నీళ్ల ఒత్తిడీ పొరుగువాళ్ల సందడీ ఆ వేళకే తెలుస్తాయి. ఫలానా ఇల్లు నచ్చింది, తీసుకోవచ్చా అని అడగాలనిపిస్తే ఆ వీధి పేరు, అద్దె ఇక్కడే రాయండి. నాకు తెలిసిన ప్రాంతమైతే వెళ్లి చూసి చెప్తాను.